ఇంటికి వచ్చిన చికిత్స



వంటయిల్లు, పూజగది, పసిబిడ్డల పెంపకము మొదలగువానిని గూర్చి ఈ పుటలలో మనము పలుమారులు ముచ్చటించుకొంటిమి. నేడు మేము వ్రాయబూనిన విషయము వానిలో దేనికిని చెందినది కాదు. అయినను అది నేడో రేపో మీ యింటి గడపయు తొక్కవచ్చును. పూర్వము రోగిని వారములకొలది ఆసుపత్రి మంచముమీద పరుండబెట్టి నరమునకు ఎక్కించుచుండిన యాంటీబయాటిక్ మందును, కొన్ని దీర్ఘవ్యాధులలో ఇప్పుడు ఇంటియందే ఎక్కించు పద్ధతి వచ్చినది. ఆ భారము మా చేతులమీద పడినది. అందు మేము నేర్చినదానిని, తప్పినదానిని గూడ దాచక మీ యెదుట నుంచుచున్నాము.

మేము కళాశాలలకు పోయి చదివినవారము కాము. తండ్రిగారి యొద్ద అమరమును, భారతమును, కొన్ని ప్రబంధములను చదువుకొంటిమి. మావారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. వైద్యవిద్యతో మా యింట నెవ్వరికిని సంబంధము లేదు. కావున ఇందలి మాటలు వైద్యుని మాటకు బదులుగా గ్రహింపదగినవి కావు. వైద్యునితో నిర్భయముగా మాటలాడుటకు ఒక గృహిణి వేరొక గృహిణికి చెప్పు ధైర్యవచనములుగా మాత్రమే వీనిని చదువగోరుచున్నాము.

పుండు వెనుకటి కథ

మా అత్తగారికి పదునాలుగేండ్లుగా మధుమేహము. ఆ వ్యాధి కాలిలోని స్పర్శజ్ఞానమును మెల్లమెల్లగా హరించును. రక్తప్రసారమును గూడ తగ్గించును. గత వేసవిలో ఆమె చెప్పులో చిన్న గులకరాయి చేరి యుండగా, దినమంతయు దానిమీదనే నడచియు ఆమె ఎరుగకపోయినది. సాయంకాలము కాళ్ళు కడుగుకొనునపుడు బొటనవ్రేలి క్రింద నెత్తురు కనబడెను. పసుపు పెట్టి గుడ్డ కట్టితిమి. నొప్పి లేదు గావున భయమును లేకపోయెను.

అటుపిమ్మట మేము చేసినది మీలో అనేకులు చేయుచున్నదే. మందుల దుకాణమునకు పిల్లవానిని పంపి మాత్రలు తెప్పించితిమి. మూడు దినములు మ్రింగగా వాపు తగ్గెను, మాత్రలు మానితిమి. మరల వాచెను, మరల తెప్పించితిమి. ఇట్లు మూడు పర్యాయములు జరిగెను. పుండు పైన మూతపడినట్లు కనబడుచు, లోపల ఎముకవరకు పోవుచున్నదని మాకు తెలియలేదు. తుదకు జిల్లా పట్టణములోని ఆసుపత్రికి తీసికొనిపోవునప్పటికి వ్రేలు నల్లబారి, చీము వాసన గదియంతయు నిండియుండెను.

అచ్చట ఛాయాపటములు తీసి, చీము ఎముకలో చేరినదని చెప్పిరి. శస్త్రవైద్యులు చచ్చిన ఎముక తునకలను తొలగించి, అందొకదానిని పరీక్షకు పంపిరి. కొన్ని దినములకు స్టెఫిలోకాకస్ అను క్రిమి అందు పెరిగినదని తేలెను. వైద్యులు మమ్ము కూర్చుండబెట్టి, "వ్రేలు దక్కవలెనన్న ఆరు వారములు నరమునకు మందు పడవలయును" అనిరి.

ఆరు వారములా యని మేము విస్తుపోతిమి. వారు ఓపికతో కారణము చెప్పిరి. మాంసమునకు పారునంత ధారాళముగా ఎముకకు రక్తము పారదు. రక్తము పోనిచోటికి మందును పోదు. అదియుగాక, చచ్చిన ఎముకమీద క్రిములు చెరువుమీది నాచువలె ఒక పొర కట్టుకొని, దాని క్రింద దాగియుండును. పైన తేలినవి మూడు దినములలో చచ్చినను, పొరక్రిందివి మిగిలి మరల ప్రబలును. మా మూడు పర్యాయముల మాత్రల కథ అప్పుడు మాకు అర్థమైనది. మేము ప్రతిసారి నాచును కడిగితిమేగాని వేరును తాకలేదు.

మొదట అడుగవలసిన ప్రశ్న

ఆరు వారములు ఆసుపత్రిలో నుండుటకు మంచపు అద్దె మాకు తలకుమించినది. ప్రతిదినము బస్సులో తీసికొనిపోయి తెచ్చుటకు ఆమె కాలు నేలమీద మోపరాదు. మావారికి పరీక్షల కాలము. ఇంటిలో పదేండ్ల ఆడపిల్ల, ఆరేండ్ల మగపిల్లవాడు. ఇట్టి స్థితిలో వైద్యులు, "ఇంటియొద్దనే ఎక్కించు ఏర్పాటు కలదు. అమ్మా, మీరు నేర్చుకొనగలరా?" అని మమ్మడిగిరి.

మా నోట మాట రాలేదు. సావిత్రి కథ అప్పుడు మనసున మెదలెను. ఆమె భర్త ప్రాణమును ఏడ్చి తెచ్చుకొనలేదు. యముని వెంట నడచుచు, మాటకు మాట చెప్పుచు, వరము వెనుక వరము అడిగి తెచ్చుకొనినది. వైద్యుని యెదుట మనము ఏల మౌనముగా నుండవలయును? మేము మొదట అడిగినది ఇది: "అయ్యా, మాత్రలతోనే కుదురు మార్గము లేదా?"

ఈ ప్రశ్న అడిగినందులకు వారు సంతోషించిరి. ఎముకలయందును కీళ్ళయందును క్రిమి చేరినవారికి నరపుమందే శరణ్యమని వైద్యలోకము చాలకాలము నమ్మినదట. బ్రిటనులో 1,054 మంది రోగులను రెండు తెగలుగా విభజించి, ఒక తెగకు నరమునకు ఎక్కించియు, మరియొక తెగకు తగిన మాత్రలిచ్చియు, సంవత్సరము వరకు గమనించి 2019లో ఫలితములు ప్రకటించిరి. మొదటి ఆరువారములు మాత్రలతో జరిగినను ఫలితము తీసిపోలేదని తేలినది. కాబట్టి నేడు అనేకులకు నోటిమందే చాలును. మీ యింట ఈ మాట వచ్చినపుడు మీరును మొదట ఈ ప్రశ్ననే అడుగుడు. అనవసరముగా నరములో గొట్టముంచుకొనుట మేలు కాదు.

మా అత్తగారి విషయమున ఆ మార్గము మూసికొనిపోయినది. ఆ క్రిమికి పనిచేయు మాత్రలు రెండు మిగిలినవి. ఒకటి కడుపున నిలువక వాంతులగుచుండెను. రెండవది సల్ఫాజాతి మందు. దానివలన పూర్వము ఆమె ఒడలెల్ల దద్దులు లేచియుండెను. నడుమనడుమ మానిన మాత్రలవలన క్రిమి కొన్ని మందులకు లొంగకుండ పోయియుండవచ్చునని గూడ వైద్యులు చెప్పిరి. ఆ మాట విని మావారు తల వంచుకొనిరి. దుకాణమునకు పిల్లవానిని పంపినవారము మేమే గనుక మేమును తల వంచుకొంటిమి.

ఇంటియొద్ద నరమునకు మందెక్కించుట నిన్నటి వింత గాదు. 1974లోనే అమెరికాలో, పుట్టుకతో వచ్చు సిస్టిక్ ఫైబ్రోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధిగల పిల్లలకు ఈ విధముగా చికిత్స చేసి, ఆ సంగతి వైద్యపత్రికలో ప్రకటించిరి. ఏడాదికి పలుమార్లు వారములకొలది ఆసుపత్రిలో పడియుండవలసిన బిడ్డలు తల్లియొడిలో నుండి మందు పొందిరి. అటుపిమ్మట ఎముకవ్యాధులకు, గుండె కవాటములకు పట్టు క్రిమిరోగములకు గూడ ఈ పద్ధతి ప్రాకినది.

మూడు దినముల విద్యాభ్యాసము

ముంజేతి నరములో నుంచు మామూలు సూది కొద్దిదినములకే చెడిపోవును. కనుక మోచేతికి పైన, భుజమునకు క్రింద నున్న లోతైన నరములోనికి సన్నని మెత్తని గొట్టమును పంపుదురు. దాని కొన గుండెకు చేరువగా పెద్ద రక్తనాళములో నుండును. దానిని ఆసుపత్రివారు పిక్ లైనందురు. వారములకొలది ఉంచుకొనుటకు అది తగును. ఒక సంగతి జ్ఞాపకముంచుకొనుడు: మూత్రపిండములు దెబ్బతినియున్నవారికి ఈ గొట్టము పెట్టుటకు వైద్యులు వెనుదీయుదురు. ముందుముందు డయాలిసిస్ అవసరమైనచో ఆ చేతి నరములే ఆధారము. అందుచేత మా అత్తగారి మూత్రపిండములను ముందు పరీక్షించిన పిమ్మటనే గొట్టము పెట్టిరి.

మందు పేరు సెఫ్ట్రియాక్సోన్. దినమునకు ఒకమారు ఎక్కించిన చాలుననుటయే ఇంటి చికిత్సకు దానిలోని సౌకర్యము. మొదటి మోతాదును ఆసుపత్రిలోనే, నర్సు కన్నులయెదుట ఇచ్చిరి. ఒంటికి పడనిచో ప్రమాదము నిమిషములలో రావచ్చును గనుక, ఎన్నడును మొదటి మోతాదును ఇంటిలో ఆరంభింపరాదు.

పిమ్మట మూడు దినములు మాకు పాఠము. నర్సమ్మగారు వయసున మాకన్న చిన్నది. మాటలో మా తండ్రిగారికన్న కఠినురాలు. మొదటి దినము ఆమె చేసినది, మేము చూచితిమి. రెండవ దినము మేము చేసితిమి, ఆమె నోటితో చెప్పినది. మూడవ దినము మేము చేయుచుండగా ఆమె నోరు మెదపక చూచినది. ఎచ్చటనైన చేయి తప్పు తాకినచో, "మరల మొదటినుండి" అనునంతే. అమరము వల్లెవేయు దినములు మరల వచ్చినట్లుండెను.

ఆమె నేర్పిన వరుస ఇది. ముందుగా గదిలో ఫ్యాను ఆపి, బల్లను శుభ్రముగా తుడువవలెను. సీసాపైని మందుపేరును, గడువును చదువవలెను. కలిపిన మందులో నలుసు కనబడినచో వాడరాదు. చేతులను సబ్బుతో పారునీటిక్రింద అరనిమిషము రుద్ది కడిగి ఆరనీయవలెను. గొట్టపు మూతిని స్పిరిట్ అద్దిన దూదితో పదునైదు సెకనులు గట్టిగా రుద్ది, అది ఆరువరకు ఆగవలెను. ఆ ఆరుటలోనే క్రిములు చచ్చును. తరువాత ఉప్పునీటిని, అనగా సెలైనును, సిరంజితో కొంచెము కొంచెముగా ఆపి ఆపి నెట్టి గొట్టమును కడుగవలెను. పది మిల్లీలీటరులకు తక్కువ సిరంజిని వాడరాదు. చిన్న సిరంజి ఒత్తిడి యెక్కువై గొట్టము పగులవచ్చును. ఆపై గాలిబుడగలు లేకుండ చూచుకొని డ్రిప్పు తగిలించవలెను. అరగంటలో మందు దిగిన పిమ్మట మరల సెలైనుతో కడిగి, బిగింపు వేయవలెను. ఈ మందును కాల్షియమున్న ఏ ద్రవముతోను కలుపరాదు. కలిపినచో సున్నమువలె ముద్దగట్టును. గొట్టమున్న చేతికి రక్తపుపోటు పట్టీ కట్టరాదు. స్నానమున అది తడియరాదు. పైకట్టును వారమునకొకమారు నర్సు మార్చును.

ఈ వరుసను మావారు పెద్ద అక్షరములతో అట్టమీద వ్రాసి గోడకు వ్రేలాడదీసిరి. దాని క్రింద ఆసుపత్రివారు రేయింబవళ్ళు పలుకు ఫోనునంబరును, 108ని వ్రాసిరి. వెంటనే ఫోను చేయవలసిన గురుతులును వ్రాసిరి: చలి, జ్వరము, చేయి వాచుట, ఎఱ్ఱబారుట, గొట్టము జారుట, ఒడలు దద్దులెక్కుట, విడువక నీళ్ళవిరేచనములగుట, కుడివైపు ప్రక్కటెముకల క్రింద నొప్పి. ముఖము వాచి ఊపిరాడనిచో ఫోనుకు ఆగక 108ని పిలువవలయును.

మా తప్పు

ఇంటికి వచ్చిన మొదటి సాయంకాలము మా చేతులు వణికినవి. అత్తగారు మా ముఖము చూచి, "అమ్మాయీ, నా కొడుకునకు ఉగ్గుపెట్టిన దినమున నా చేతులును ఇట్లే వణికినవిలే" అనిరి. ఆ మాటతో వణకు తగ్గెను. ఒక వారము గడచెను. రెండు వారములు గడచెను. పుండు అంచులు ఎఱ్ఱగా చిగిర్చినవి. మాకు ధైర్యము వచ్చెను. ధైర్యము వెనుకనే నిర్లక్ష్యము వచ్చునని మాకు తెలియదు.

పదునేడవ దినమున చేతులు కడుగుకొని మూతిని రుద్దబోవుచుండగా, పెరటిలో పిల్లవాడు పడి కెవ్వున ఏడ్చెను. పోయి ఎత్తుకొని, మోకాలి మట్టి తుడిచి, ఊరడించి వచ్చితిమి. పొయ్యిమీద అన్నము మాడువాసన. దానిని దింపి వచ్చితిమి. చేతులను మరల కడుగుకొనలేదు. మూతిని రెండుమార్లు తుడిచి, ఆరువరకు ఆగక, డ్రిప్పు తగిలించితిమి. ఆ దినమేమియు కాలేదు. ఏమియు కాకపోవుటచే మనస్సు ఊరకుండెను.

పందొమ్మిదవ దినము సాయంకాలము సెలైనుతో గొట్టము కడిగిన అరగంటలోపల అత్తగారికి పండ్లు కొట్టుకొనునంత వణకు పుట్టెను. రెండు దుప్పట్లు కప్పినను ఆగలేదు. డ్రిప్పు ఆపి బిగింపు వేసితిమి. జ్వరము నూటరెండు డిగ్రీలు. ఇరుగుపొరుగువారు వచ్చిరి. ఒకరు దిష్టి యనిరి, ఒకరు చలిజ్వరమని కషాయము పెట్టుమనిరి, పెద్దలొకరు, "రాత్రివేళ అంతదూరమెందులకు? తెల్లవారనీ" అనిరి. ఆలస్యము అమృతమునైనను విషము చేయునని చదివినవారము గదా! మేము గోడమీది అట్టను చూచి ఫోను చేసితిమి. "ఆ గొట్టమును మరి తాకవద్దు, వెంటనే తీసికొనిరండు" అనిరి.

దారిపొడవునను మా మనసులో ఒకటే ప్రశ్న: పదునేడవనాటి సంగతి చెప్పుటయా, మానుటయా? చెప్పినచో అత్తగారి ప్రాణమునకు మేమే ముప్పు తెచ్చితిమని మావారు, ఊరు, చుట్టములు అందురు. చెప్పనిచో ఎవ్వరికిని తెలియదు. ఆసుపత్రిలో గొట్టమునుండియు, రెండవచేతినుండియు వేరువేరుగా రక్తము తీయుచుండగా, నర్సమ్మగారు, "ఎప్పుడైన ఏమైన తేడా జరిగినదా అమ్మా?" అని అడిగినది. అత్తగారి యెదుటను, మావారి యెదుటను ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. కన్నీరు ఆగలేదు.

ఆమె మమ్ము నిందింపలేదు. "దానివలననే వచ్చినదని ఖండితముగా చెప్పలేము. కాని మీరు చెప్పుటవలన ఎచ్చట వెదకవలెనో మాకు తెలిసినది. దాచువారితోనే మాకు చిక్కు" అనెను. గొట్టములో క్రిమి చేరి, రక్తములోనికి పోయినదని పరీక్షలో తేలెను. గొట్టము తీసివేసిరి. పదిదినములు ఆసుపత్రిలోనే నుంచి ఆ క్రిమికి తగిన మందిచ్చిరి. ఆ పది దినములలో మేము నిద్రపోయిన రాత్రులు లెక్కకు రెండు మూడు.

క్రమము అందరిది

రక్తము శుద్ధమైనదని తేలిన పిమ్మట రెండవచేతికి క్రొత్త గొట్టము పెట్టిరి. మిగిలిన మందు ఎచ్చట ఎక్కించవలెనని ప్రశ్న వచ్చెను. మేము ఆసుపత్రియే మేలంటిమి. నగలు కుదువబెట్టుటకును సిద్ధపడితిమి. అప్పుడు అత్తగారు మంచముమీదనుండి, "అమ్మాయీ, ఇంటికే పోదము. నీవే ఎక్కించుము. తప్పు తెలిసిన చేయి మరల ఆ తప్పు చేయదు. అయినను తప్పు నీ చేతిది కాదు. ఒక్క చేతికి నాలుగు పనులు పెట్టిన మా అందరిది" అనిరి. ఇంతటి మాట అత్తనోట వినుట ఏ కోడలి భాగ్యము!

ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణము ఆ మాటయే. మందు ఇంటికి వచ్చునపుడు దానితోపాటు ఆసుపత్రిలోని క్రమమును ఇంటికి రావలయును. ఆసుపత్రిలో మందెక్కించు నర్సు ఆ సమయమున అన్నము వండదు, బిడ్డను ఎత్తుకొనదు, వాకిట వచ్చినవారికి సమాధానము చెప్పదు. ఆమెకు దొరకు ఆ నిర్విఘ్నమైన గంటను ఇంటి ఇల్లాలికి ఎవరు ఇత్తురు? ఇంటి చికిత్సలో ఖర్చు తగ్గుననుట నిజమే. కాని ఆసుపత్రివారు చేయు పని మాయమైపోదు. అది ఒక స్త్రీ చేతిలోనికి చేరును. దానిని ఇంటివారందరును లెక్కించి పంచుకొననిచో, రోగికే కీడు.

మేము చేసికొనిన ఏర్పాటు వినుడు. సాయంకాలము ఆరునుండి ఏడువరకు ఆ గది తలుపు గడియ పడును. పిల్లలు మావారి బాధ్యత. ఏడ్చినను, పడినను వారే చూతురు. పొయ్యి ఆరుగంటలకు ముందే ఆరవలెను. అట్టను మా అత్తగారు చేతపట్టుకొని ఒక్కొక్క వరుసను పైకి చదువుదురు. అది ముగిసినగాని మేము తరువాతి పని చేయరాదు. గడియారము చూచి పదునైదు సెకనులు లెక్కపెట్టునదియు ఆమెయే. రోగి ఊరక పడియుండు బొమ్మ కాక, తన చికిత్సకు తానే కావలివాడైనపుడు, ఇంటిలో భయము సగము తగ్గును. వారమునకొకమారు రక్తపరీక్షకు తీసికొనిపోవుట మావారి వంతు. రక్తకణములు, మూత్రపిండములు, కాలేయము మందును ఓర్చుకొనుచున్నవో లేవో ఆ పరీక్షవలననే తెలియును. ఒంటికి బాగున్నదని దానిని మానరాదు. చక్కెర అదుపు మాత్రము మా వంటయింటి వంతే. చక్కెర హెచ్చినచో ఎంత మందు పోసినను పుండు మానదు.

వాడిన సూదులను గట్టి మూతగల ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండగానే ఆసుపత్రికి తిరిగి ఇచ్చితిమి. చెత్తబుట్టలో వేసినచో తెల్లవారి దానిని ఎత్తుకొనిపోవు పారిశుద్ధ్యపు పనిమనిషి చేతికి గుచ్చుకొనును. ఆమెయు ఒక యింటి ఇల్లాలే గదా.

మందు ముగియుట

మా బాలిక ఒకనాడు, "అమ్మా, బామ్మ కాలు బాగైనది గదా, ఇంక మందెందులకు?" అని అడిగెను. ఆమెకు మావారు చెప్పిన కథను మీకును చెప్పుదము. పెన్సిలిన్‌ను 1928లో ఫ్లెమింగు కనుగొనెను. దానిని మందుగా శుద్ధిచేయుటకు ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ మొదలగువారు శ్రమించిరి. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసు ఉద్యోగికి దానిని నరమునకు ఎక్కించిరి. చీముపట్టి చావునకు సిద్ధమైన ఆ మనుష్యుడు కొలది దినములలోనే తేరుకొని అన్నము తిన్నాడు. కాని లోకములో అప్పటికి ఉన్న మందే కొంచెము. అతని మూత్రమునుండి గూడ మందును తిరిగి తీసి ఎక్కించిరి. అదియు తీరిపోయెను. రోగము మరల తిరుగబెట్టి, మార్చినెలలో అతడు మరణించెను. మందు లేక వారికి నడుమ ఆగిపోయినది. మనమో, ఉండియు నడుమ ఆపుచున్నాము!

మన భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు పెద్దయై యుండగా, అచ్చటినుండియే ఆరియోమైసిన్ అను యాంటీబయాటిక్ 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ యేడే వారు కాలము చేసిరి. తెలుగుబిడ్డ పర్యవేక్షణలో వెలువడిన అట్టి మందులను తెలుగిండ్లలోనే వ్యర్థము చేసికొనుట న్యాయమా? మాత్రల అట్టపై నిలువుగా ఎఱ్ఱగీత యున్నచో వైద్యుని చీటి లేక కొనవద్దని మన ప్రభుత్వము 2016 నుండి చాటుచున్నది. ఆ గీత మా కంటికి పూర్వము కనబడలేదు; ఇప్పుడు అదియే ముందు కనబడుచున్నది.

ఆరు వారములు అనుకొనినది, మా తప్పువలన కొంత హెచ్చి, ముగిసినది. గొట్టము తీసిననాడు అత్తగారు ఆ చేతిని చాలసేపు నిమురుకొనిరి. వ్రేలు దక్కినది. పుండు మూతపడినది. ఒక సంవత్సరము గడచినగాని పూర్తిగా కుదిరినదని చెప్పరాదని వైద్యులు హెచ్చరించిరి గనుక మేమును అట్లే చెప్పుచున్నాము.

ఇప్పుడు ప్రతిరాత్రి పండుకొనుటకు ముందు అత్తగారి అరికాళ్ళను దీపముయెదుట చూచుట మా బాలిక పని. చెప్పులు తొడుగుటకు ముందు దులిపి ఇచ్చుట పిల్లవాని పని. మీ యింట మధుమేహమున్నవారుండినచో ఈ రెండు పనులను నేటిరాత్రియే ఆరంభింపుడు. ఆ చూపు మా యింట ముందే యుండినచో ఈ వ్యాసము వ్రాయు పని మాకుండెడిది కాదు.

నిన్న పిల్లవాడు చెప్పు దులుపగా అందుండి ఇసుక రాలెను. వాడది తెచ్చి బామ్మకు చూపి, "ఇదిగో, రాయి లేదు!" అనెను. ఆమె నవ్వి చెప్పు తొడుగుకొని, మా చేయి పట్టుకొని, వాకిటివరకు నడచిరి.